మానేసిన మూడో రోజు శరీరం చెప్పే సాక్ష్యం

తాగుడు మానేస్తానని సంఘం ఎదుట లేచి నిలబడి చేసే తీర్మానాలు మన మందిరాల్లో ఏటా రెండు కాలాల్లో ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి డిసెంబరు 31 రాత్రి ఆరాధన. రెండోది శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం. ఆ మాట వినగానే సంఘమంతా స్తోత్రం అంటుంది. ఇల్లాలు కళ్లు ఒత్తుకుంటుంది. కాపరి తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. అంతవరకు అందరం చూస్తాం. ఆ తర్వాతి మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం చాలా సంఘాలు కనుక్కోవు. ఈ వారం మేము రాస్తున్నది ఆ మూడు రోజుల గురించే. వ్యసనం ఎంత లోతుకు దిగిందో శరీరం బయటపెట్టేది ఆ రోజుల్లోనే. ఆ గుర్తులను చదవడం మనకు తెలియకపోతే, మారాలనుకున్న మనిషే మన కళ్ల ముందు ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

దుకాణాలు మూతపడిన రోజుల పాఠం

ఈ సంగతి మన రాష్ట్రాలకు కొత్త కాదు. 2020 మార్చి చివర కరోనా లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. కొద్ది రోజులకే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరారు. వణుకు, నిద్రలేమి, ఫిట్స్, లేనివి కనబడడం, లేని మాటలు వినబడడం వంటి లక్షణాలతో వారిని కుటుంబసభ్యులు తీసుకొచ్చారు. అదే సమయంలో కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ ఉన్నవారికి మద్యం అమ్మవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మద్యాన్ని మందుగా రాయడం వైద్యం కాదని వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఏప్రిల్ 2న అక్కడి హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

మే 4న ఆంధ్రప్రదేశ్‌లో, మే 6న తెలంగాణలో దుకాణాలు తెరుచుకున్నాయి. అయినా అంతటితో అయిపోలేదు. జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి కోసం మద్యం దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మద్యం దొరకనప్పుడు విషమైనా సరే గొంతులో పోసుకోవాలనిపించే స్థితి ఎలాంటిదో ఆ ఊరు మనకు చూపింది.

అంతకు ఐదేళ్ల ముందు, 2015 సెప్టెంబరులో, తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. కల్లు దొరకడం ఆగిపోయింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందల మంది వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అధికారులు చేసింది మంచి పనే. ప్రజల ప్రాణాలు తీస్తున్న కల్తీని ఆపాల్సిందే. అయితే సరఫరా ఆపినవారు, ఆపిన మూడో రోజున ఆ ఊళ్లలో ఎన్ని మంచాలు కావాలో ముందుగా లెక్క వేసుకోలేదు.

ఈ సంఘటనల్లో ఎవరూ దేవుని ఎదుట తీర్మానం చేసుకోలేదు. సరుకు దొరకలేదు, అంతే. కానీ శరీరం పడిన బాధ మాత్రం మందిరంలో తీర్మానం చేసుకున్నవాడి శరీరం పడే బాధ లాంటిదే. మనసు మారి మానినా, దుకాణానికి తాళం పడి మానినా మెదడుకు ఆ తేడా తెలియదు. ఇది ముందుగా గ్రహించాల్సిన విషయం.

బ్రేకు వదులైన బండి

ఎందుకిలా జరుగుతుంది? మన మెదడులో గాబా అనే రసాయనం బండికి బ్రేకు లాంటిది. గ్లుటమేట్ అనేది యాక్సిలరేటరు లాంటిది. మద్యం బ్రేకును గట్టిగా తొక్కుతుంది, యాక్సిలరేటరును అణచిపెడుతుంది. తాగినవాడికి మత్తు రావడం, మాట తడబడడం అందుకే. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే మెదడు ఊరుకోదు, సర్దుకుంటుంది. బ్రేకుకు స్పందించడం తగ్గించుకుని, యాక్సిలరేటరు బలం పెంచుకుంటుంది. అలా సర్దుకున్న మనిషి ఒక సీసా తాగి కూడా నిలకడగా నడుస్తాడు. "ఎంత పట్టించినా తూలడు" అని ఊళ్లో మెచ్చుకోలుగా చెప్పుకునే ఆ మనిషే నిజానికి అందరికంటె ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు.

అతను ఒక్కసారిగా మానేస్తే బ్రేకు వదులై, యాక్సిలరేటరు తొక్కిన బండి ఘాటు రోడ్డు దిగినట్టే అవుతుంది. నోరడ్రినలిన్ పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, చెమట ధారలు కడుతుంది. ఒత్తిడి హార్మోను అయిన కార్టిసాల్ పెరుగుతుంది. ఇవేవీ అతని విశ్వాసం బలహీనమైందని చెప్పే గుర్తులు కావు. మద్యం ఆ శరీరంలో ఎంతకాలం, ఎంతగా ఇల్లు కట్టుకుందో చెప్పే గుర్తులు.

వీటికి ఒక కాలక్రమం ఉంది. ప్రతి సంఘ పెద్దా దాన్ని కంఠతా పట్టాలని మా విన్నపం. చివరి గుక్క తాగిన 6 నుంచి 8 గంటల్లో చేతుల వణుకు, వాంతులు, ఆదుర్దా, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 12 నుంచి 24 గంటల్లో కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి. ఆ దశలో మనిషి స్పృహలోనే ఉంటాడు, తానెక్కడున్నాడో తెలుస్తుంది. 48 నుంచి 96 గంటల మధ్య, అంటే మూడో రోజు, నాలుగో రోజు వచ్చేది అన్నిటికంటె భయంకరమైనది. వైద్యులు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. జ్వరం, విపరీతమైన వణుకు, మనుషులను గుర్తుపట్టకపోవడం, పగలో రాత్రో తెలియకపోవడం, కేకలు. ఇది అందరికీ రాదు, నూటికి అయిదుగురికి అటూ ఇటూగా వస్తుంది. సరైన చికిత్స లేని రోజుల్లో ఇది వచ్చినవారిలో మూడో వంతు వరకు చనిపోయేవారు. సమయానికి వైద్యం అందితే నేడు ఆ సంఖ్య నూటికి అయిదుగురి లోపే.

ఈ మూడో రోజునే మన సంఘాల్లో పెద్ద పొరపాటు జరుగుతూ వస్తోంది. ఆ స్థితిలో ఉన్నవాడిని చూసి "దయ్యం పట్టింది, వదిలిపోయే ముందు ఇలాగే గోల చేస్తుంది" అంటారు. గదిలో పెట్టి తలుపు వేస్తారు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టి అతని చేత కూడా ఉపవాసం చేయిస్తారు. దురాత్మల గురించిన వేదాంత చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. మేము చెప్పేది ఒక్కటే. తాగుడు మానిన నాలుగు రోజుల్లోపు మనిషి ఇలా మారితే ముందు నాడి చూడండి, ఒళ్లు కాలుతోందేమో చూడండి, 108కి ఫోన్ చేయండి. ఆ సమయంలో ఉపవాసం శరీరంలోని నీటిని, పొటాషియంను, మెగ్నీషియంను ఇంకా తగ్గిస్తుంది. ఫిట్స్, గుండె లయ తప్పడం అనే ప్రమాదాలు పెరిగేది అప్పుడే. ఉపవాసం ఉండాలనుకుంటే సంఘం ఉండాలి, రోగి కాదు.

మంచం పక్కన వేసే మార్కులు

బాధ తీవ్రతను కొలవడానికి వైద్యులు వాడే మొదటి సాధనం యంత్రం కాదు, ఒక కాగితం. మద్యం మానినవారికి సీఐడబ్ల్యూఏ-ఏఆర్ అనే కొలమానం ఉంది. ఇది 1989లో వెలువడింది. ఇందులో పది అంశాలు ఉంటాయి. వికారం, వణుకు, చెమట, ఆదుర్దా, స్థిమితం లేకపోవడం, తలనొప్పి, చర్మం మీద ఏదో పాకుతున్నట్టు అనిపించడం, లేనివి వినబడడం, కనబడడం, చివరగా తానెవరో, ఎక్కడున్నాడో, ఏ రోజో తెలియడం. మొత్తం 67 మార్కులు. ఎనిమిది, పది లోపు ఉంటే తేలిక. పదిహేను దాటితే తీవ్రం. నర్సు కొన్ని గంటలకొకసారి మార్కులు వేస్తుంది, దాన్నిబట్టి మందు మోతాదు మారుతుంది.

ఈ కాగితం మన చేతిలో లేకపోయినా కొన్ని ప్రశ్నలు ఎవరైనా అడగవచ్చు. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? అప్పుడు మతి తప్పి మాట్లాడాడా? మద్యంతో పాటు నిద్రమాత్రలు కూడా మింగుతాడా? నోటి నుంచి ఇంకా వాసన వస్తుండగానే చేతులు వణుకుతున్నాయా? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. రక్తంలో ఇంకా మద్యం ఉండగానే వణుకు మొదలైందంటే అతని మెదడుకు మామూలు స్థితి అన్నదే మద్యం అయిపోయిందన్నమాట. వీటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా అతన్ని ఇంట్లో మాన్పించకూడదు.

ఇంకొక విషయం శ్రమకాలానికి నేరుగా సంబంధించింది. ఒక్కసారిగా మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఒక్కసారిగా మానడం ఎన్నిసార్లు జరిగితే తర్వాతిసారి వచ్చే బాధ అంత తీవ్రం కావచ్చని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మంట రాజుకున్నట్టు మెదడు ప్రతిసారీ కొంచెం ఎక్కువ రేగుతుంది. ఏటా నలభై రోజులు మానేసి ఈస్టరు సాయంత్రం మళ్లీ సీసా పట్టేవారు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. "పోయినేడు ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యం వారికి పనికిరాదు. రోజూ విపరీతంగా తాగేవారి విషయంలో పోయినేడు వణుకుతో సరిపోయింది ఈ ఏడు ఫిట్స్ దాకా వెళ్లవచ్చు.

రక్తం ఏం చెబుతుంది

ఇక రక్తపరీక్షలు. మన ఊరి ల్యాబులో చేసే సీబీపీలో ఎంసీవీ అనే అంకె ఉంటుంది. అది ఎర్రరక్త కణం సైజు. ఏళ్ల తరబడి తాగేవారిలో అది 100 దాటుతుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి మానేశాక కూడా ఆ అంకె దిగిరావడానికి నెలలు పడుతుంది. కాలేయ పరీక్షలో ఎస్‌జీఓటీ అనేది ఎస్‌జీపీటీకి రెండింతలు దాటితే మద్యం మీద అనుమానం బలపడుతుంది. జీజీటీ అనే ఎంజైమ్ కూడా పెరుగుతుంది, మానిన కొన్ని వారాల్లో తగ్గుతుంది. మన ఊరి ల్యాబుల్లో మామూలుగా కనబడని పరీక్షలు మరో రెండున్నాయి. సీడీటీ, పెత్. శరీరంలో మద్యం ఉంటేనే పెత్ తయారవుతుంది, అందుకే గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడును అది నమ్మకంగా చెబుతుంది.

మానిన తొలి రోజుల్లో డాక్టరు ఎక్కువగా గమనించేది మాత్రం మరికొన్నిటిని. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయా, పొటాషియం పడిపోయిందా, మెగ్నీషియం ఎంత ఉంది. ప్లేట్‌లెట్లు, పొటాషియం తగ్గినవారిలో ఫిట్స్, మతి తప్పడం వంటి చిక్కులు ఎక్కువని అధ్యయనాలు చూపాయి. కాబట్టి ఆసుపత్రిలో రక్తం తీస్తుంటే "తాగుడు మాన్పించడానికి ఈ టెస్టులన్నీ ఎందుకు, డబ్బుల కోసమే" అని విసుక్కోకండి. ఈ రాత్రి ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో ఆ అంకెలు చెబుతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. నీరసంగా ఉన్నాడని ఊరి ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ బాటిల్ పెట్టించడం మన పల్లెల్లో మామూలు. ఏళ్ల తరబడి తాగినవారి శరీరంలో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కళ్లు అదురుతాయి, నడక తడబడుతుంది, మతి చెదురుతుంది. కార్ల్ వెర్నికి అనే వైద్యుడు 1881లోనే వర్ణించిన జబ్బు ఇది. సకాలంలో గుర్తించకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. సూది ఎవరు వేస్తున్నా "బి1 ఇచ్చారా?" అని ఒక్క మాట అడగండి.

కల్లులో కలిసింది, గంజాయిలో మిగిలింది

మహబూబ్‌నగర్ సంగతికి తిరిగి వద్దాం. కల్తీ కల్లులో కలుపుతున్నవి ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు. తాటిచెట్టు కల్లు తాగుతున్నానని అనుకునే కూలి మనిషి నిజానికి నిద్రమాత్రలకు బానిస అయి ఉంటాడు. ఏ మందుకు బానిసయ్యాడో అతనికీ తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు. ఆల్ప్రజోలం శరీరం నుంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయజిపాం నెమ్మదిగా పోతుంది, అందువల్ల బాధ వారం దాకా ఆలస్యంగా రావచ్చు. "మానేసి నాలుగు రోజులైంది, గండం గడిచింది" అని ఇంట్లోవారు అనుకున్న తర్వాత ఫిట్స్ వస్తాయి. అందుకే కల్లు మానిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే మూత్రపరీక్ష చేస్తారు. వ్యసనం ఎంత తీవ్రమో తెలుసుకోవడానికి ముందు, అది దేనికి వ్యసనమో తెలియాలి కదా.

గంజాయి సంగతి వేరు. మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదలై, మొదటి వారంలో ఎక్కువై, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. అయితే గంజాయి తాలూకు రసాయనం కొవ్వులో నిలవ ఉండిపోతుంది. చాలాకాలం రోజూ పీల్చిన కుర్రాడు మానేసిన నెల తర్వాత కూడా మూత్రపరీక్షలో పాజిటివ్ రావచ్చు. మూడో వారంలో పరీక్ష చేయించి, పాజిటివ్ రాగానే "దేవుని ఎదుట ప్రమాణం చేసి కూడా అబద్ధమాడుతున్నావు" అని కొడుకును ఇంట్లోంచి గెంటేసే తండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ కాగితం మీదున్నది నిన్నటి పాపం కాకపోవచ్చు, పోయిన నెలది కావచ్చు.

హెరాయిన్, ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మందులకు కౌస్ అనే కొలమానం ఉంది. కంటిపాప పెద్దది కావడం, ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఒళ్లునొప్పులు, విరేచనాలు వంటి పదకొండు గుర్తులు, 48 మార్కులు. హెరాయిన్ మానినవారికి రెండో మూడో రోజు బాధ పతాకస్థాయికి చేరుతుంది. నీరు తగ్గిపోకుండా చూసుకుంటే ఈ బాధ నేరుగా ప్రాణం తీయడం అరుదు. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. కొన్ని వారాలు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. మళ్లీ జారి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఉపవాస కూటాల్లో "విడుదల పొందిన" కుర్రాడిని సాక్ష్యం చెప్పించి, మరుసటి వారం నుంచి ఒంటరిగా వదిలేసే సంఘాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

అంకెలు చెప్పలేనివి

ఈ గుర్తులన్నీ వివరించాక వాటి హద్దులు కూడా చెప్పడం మా బాధ్యత. జీజీటీ పెరిగినంత మాత్రాన తాగుబోతు కాడు. కాలేయంలో కొవ్వు ఉన్నా, మూర్ఛకు వాడే కొన్ని మందులు వాడుతున్నా అది పెరుగుతుంది. అలాగే వయసులో ఉన్న తాగుబోతుల్లో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. రక్తపరీక్ష ముఖ్యంగా చెప్పేది ఎంత తాగాడన్నది. మానలేకపోవడం, మానితే తట్టుకోలేకపోవడం అన్నవి మనిషిని చూసి, మాట్లాడి తెలుసుకోవాల్సినవి.

మళ్లీ ఎవరు జారిపోతారో ముందే చెప్పగల పరీక్ష కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రజితా సిన్హా బృందం, మానిన తొలి వారాల్లో ఒత్తిడి హార్మోన్ల తీరు గతి తప్పినవారు త్వరగా తాగుడులోకి జారుతున్నారని చూపింది. బీడీఎన్ఎఫ్ అనే మెదడు ప్రొటీన్ మీద కూడా పరిశోధనలు సాగుతున్నాయి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఇవి ఇంకా ఆసుపత్రి పరీక్షలుగా స్థిరపడలేదు. ఒక్క చుక్క రక్తంతో "వీడు మారడు" అని తేల్చే పరీక్ష నేటికి లేదు. అలా తేల్చే అధికారం ల్యాబుకు లేదు, సంఘ కమిటీకీ లేదు.

కొందరు పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. ఇదంతా మెదడు రసాయనమే అయితే పాపం అన్న మాట ఎక్కడికి పోయింది? మనిషికి బాధ్యత లేదా? ఇది న్యాయమైన ప్రశ్న. తాగి భార్యను కొట్టినవాడు, పిల్లల ఫీజు డబ్బు సారాయి కొట్టులో పోసినవాడు దానికి జవాబు చెప్పాల్సిందే. క్షమాపణ అడగాల్సిందే. నాడి వేగం, పొటాషియం అంకె అతని నేరాన్ని తుడిచిపెట్టవు. అయితే అవి అతని నేరాన్ని కొలవవు కూడా. అవి గాయాన్ని కొలుస్తాయి. మంచి సమరయుని ఉపమానంలో దారిన పడి ఉన్నవాడి తప్పెంతో విచారించిన మాట లేదు. కట్టు కట్టడం ఉంది, సత్రానికి చేర్చడం ఉంది, ఖర్చు భరిస్తానని చెప్పి వెళ్లడం ఉంది. మన సంఘాల్లో మొదటిది చేసేవారే తక్కువ, మూడోది చేసేవారు మరీ తక్కువ. మారుమనస్సు గురించి మాట్లాడాలంటే ముందు ఆ మనిషికి తానెవరో తెలిసే స్పృహ ఉండాలి. ఆ స్పృహను కాపాడేది ఆ మూడు రోజుల వైద్యమే.

సంఘం చేయగలిగింది

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన, ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి పూర్తిగా బానిసైనవారు 2.9 కోట్ల మంది. వారిలో ఏదో ఒక చికిత్స అందుకున్నామని చెప్పినవారు 38 మందిలో ఒకరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరు. మిగిలినవారంతా ఎక్కడ మానుతున్నారు? ఇంట్లో, ప్రార్థనా గదిలో, లాకప్‌లో. ఈ ఖాళీని చూసే అనుమతి లేని "మత్తు విముక్తి కేంద్రాలు" పుట్టుకొస్తున్నాయి. వాటిలో కొన్ని క్రీస్తు పేరు పెట్టుకున్నవి కూడా. డాక్టరు లేని చోట, గొలుసులు వాడే చోట ఎవరినీ చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఇటువంటి కేంద్రాలు రిజిస్టరు కావాలని చెప్పింది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో పిల్లల గంజాయిని, హెరాయిన్‌ను దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం లేదా కొద్ది పరిమాణం కేసుల్లో ఉన్న బానిస స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే, ఆ చికిత్స పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి భయపడనక్కర్లేదు.

మా సూచనలు ఇవి. తీర్మానం చేసుకోవడానికి ముందుకు వచ్చిన సహోదరుడిని ఆ రాత్రే ఒక పెద్ద పక్కకు తీసుకుని అడగాలి, "చివరిసారి ఎప్పుడు తాగారు? రోజూ ఎంత? మునుపు మానినప్పుడు ఏమైంది?" రోజూ తాగేవారైతే మరునాడు ఉదయమే, వణుకు అప్పటికే మొదలైతే ఆ రాత్రే, ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్లాలి. మొదటి నాలుగు రాత్రులు ఇద్దరిద్దరు వంతుల వారీగా మంచం పక్కన కూర్చోవాలి. భోజనం, నీళ్లు అందించాలి. ఇంటి ఆడవారికి ఆ రాత్రులు నిద్ర దొరకాలి, వారు ఇన్నేళ్లూ నిద్ర లేకుండా గడిపినవారే. అన్నంలో తెలియకుండా మాత్రలు కలపమని చెప్పే ప్రకటనలను నమ్మవద్దని వారికి చెప్పాలి, ఆ మాత్రల మీద మద్యం తాగితే ప్రాణం పోవచ్చు. పరీక్షల ఫలితాలు ప్రార్థన విన్నపాల్లో చదవకూడదు. అవి ఆ మనిషివి, డాక్టరువి.

నాలుగు రోజులు గడిచాక కూడా వదిలిపెట్టకూడదు. కోరికను తగ్గించే మందులు డాక్టరు రాస్తే వాటిని వాడడం విశ్వాసలోపం కాదు. బీపీ మాత్ర వేసుకునే పాస్టరుగారి విశ్వాసాన్ని మనం శంకించడం లేదు కదా. సాక్ష్యం చెప్పించడానికి తొందరపడకండి. మొదటి నెల గడవనివ్వండి, మొదటి పండుగ గడవనివ్వండి, మొదటి జీతం రోజు గడవనివ్వండి.

మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక సహాయానికి టెలి మానస్ 14416. అంబులెన్సుకు 108. ఈ మూడు నంబర్లు ప్రతి మందిరం నోటీసు బోర్డు మీద, కానుకల పెట్టె పక్కన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఈ ఏడాది చివరి రాత్రి ఆరాధనకు ముందే ప్రతి సంఘ కమిటీ ఒక్కసారి కూర్చుని, మన ఊరికి దగ్గరలో మత్తు విముక్తి వార్డు ఎక్కడుందో, అక్కడికి అర్ధరాత్రి వెళ్లడానికి బండి ఎవరిదో రాసిపెట్టుకోవాలని కోరుతున్నాం.